ఎరిక్ లిడిల్ దొరగారి పరుగు

ధ్యానమునకు: 1 కొరింథీ 9:24–27, హెబ్రీ 12:1–2



క్రిందటి వర్షాకాలములో ఒక పని మీద హైదరాబాదు వెళ్లి, మలక్‌పేటలో మా సంఘస్థులైన ఒక కుటుంబమువారి యింట రెండు రాత్రులు ఉంటిని. అక్కడ గుఱ్ఱపు పందెముల మైదానమున్నది. తెల్లవారకమునుపే గుఱ్ఱములను అక్కడ తోలుదురు. వాటి పరుగును గడియారము పెట్టి లెక్కించుదురు. పల్లెలో కోడికూతకు లేచువాడనైన నాకు ఆ ఊరిలో గుఱ్ఱపు డెక్కల చప్పుడు వినుట వింతగా తోచినది. అయితే ఆ ప్రాంతమున తెల్లవారుజామున పరుగెత్తునవి గుఱ్ఱములు మాత్రమే కావు. దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్ వైపు పోయినయెడల, పల్లెలనుండి వచ్చి హాస్టళ్లలో నలుగురైదుగురు ఒక గదిలో సర్దుకొని, ఉద్యోగ పరీక్షలకు చదువుకొను మన పిల్లలు వందలకొలది కనబడుదురు. వారిలో పోలీసు ఉద్యోగము కోరువారు ప్రతి ఉదయము మైదానములలో పరుగెత్తుచుందురు.

మా సంఘపు యౌవనుడొకడు ఆ గుంపులో నున్నాడు. తండ్రి కూలి చేసి పంపిన డబ్బుతో చదువుచున్నవాడు. నేను వచ్చితినని విని నన్ను చూడవచ్చెను. తెలంగాణములో 2022లో వెలువడిన పోలీసు ఉద్యోగ ప్రకటన ప్రకారము పురుషులు 1600 మీటర్ల దూరమును 7 నిమిషముల 15 సెకనులలో పరుగెత్తవలెను. స్త్రీలకు 800 మీటర్లు, 5 నిమిషముల 20 సెకనులు. ఆ గడువు దాటినవాని చదువు ఎంత గొప్పదైనను లెక్కకు రాదు. ఈ పిల్లవానికి 7 నిమిషముల 40 సెకనులు పట్టుచున్నది. మూడు నెలలుగా అది తగ్గుట లేదు. పైగా వారి శిక్షణాలయమువారు వారమునకొకసారి అందరిని కూర్చి గడియారము పెట్టి పరుగెత్తించుదురట. అది ఆదివారము ఉదయముననే. పరుగు ముగిసిన వెంటనే వ్రాత పరీక్ష. కాబట్టి నాలుగు నెలలుగా అతడు ఆరాధనకు పోలేదు. అయ్యగారూ, ఇది పాపమా అని తల వంచుకొని అడిగెను. నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. వాని తండ్రి చేతులు నాకు జ్ఞాపకము వచ్చినవి.

ఇటువంటి ప్రశ్న వచ్చినప్పుడెల్ల మా వంటి కాపరులు ఎరిక్ లిడిల్ గారి పేరెత్తుదురు. నేనును అనేకసార్లు ఎత్తితిని. సెమినరీలో విన్న సంగతిని విన్నట్లే చెప్పితిని: ఆదివారము పరుగెత్తనన్నాడు, దేవుడు బంగారు పతకమిచ్చెను, కాబట్టి మీరును అట్లే చేయుడి అని. ఆ రాత్రి నిద్ర పట్టక ఆయన జీవితమునంతటిని మరల తలంచుకొనగా, నేను చెప్పుచు వచ్చినది సగము కథయేనని గ్రహించితిని. మిగిలిన సగముతో కూడ దానిని ఇక్కడ వ్రాయుచున్నాను.

ఎరిక్ లిడిల్ గారు 1902వ సంవత్సరము జనవరి 16వ తేదీన చైనా దేశములోని టియెంట్సిన్ పట్టణములో జన్మించెను. తలిదండ్రులు స్కాట్లండు దేశస్థులు, లండను మిషను సొసైటీవారి మిషనరీలు. ఈ సొసైటీ మనకు పరాయిది కాదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చి తెలుగులో బైబిలు తర్జుమా మొదలుపెట్టిన క్రాన్, డెగ్రాంజి దొరగార్లను పంపినది వారే. కడప, గుత్తి, జమ్మలమడుగు సంఘములు వారు నాటినవే. కాబట్టి ఆ సంఘములవారు లిడిల్ గారిని మన యింటివానిగా తలంచినను తప్పు లేదు.

పేరు విషయములో ఒక చిన్న సంగతి కలదు. తండ్రి మొదట హెన్రీ ఎరిక్ లిడిల్ అని పేరు పెట్టదలచెను. మొదటి అక్షరములు కలిపినయెడల ఇంగ్లీషులో నరకమను మాటవలె వినబడునని ఒక స్నేహితుడు హెచ్చరింపగా పేరును త్రిప్పి ఎరిక్ హెన్రీ అని పెట్టిరి. మిషనరీ కుమారునికి ఆ పొడి అక్షరములు నిజముగా బాగుండవు!

ఆ కాలపు మిషనరీలు తమ పిల్లలను చదువు నిమిత్తము స్వదేశమునకు పంపుచుండిరి. ఎరిక్ ఆరేండ్లవాడును, అన్న రాబర్టు ఎనిమిదేండ్లవాడును ఉండగా వారిని ఇంగ్లండులో మిషనరీల కుమారుల పాఠశాలలో విడిచి తలిదండ్రులు చైనాకు మరలిపోయిరి. ఆ బాలురు తల్లి ముఖము చూడక ఏండ్లు గడపిరి. మన పిల్లలను మిషను బోర్డింగులో విడిచి బస్సెక్కిన తల్లులకు ఆ బాధ తెలియును. అయితే మన తల్లులు వేసవి సెలవులలోనైనను పిల్లలను చూచుచుండిరి. పాఠశాలలో అన్నదమ్ములిద్దరును ఆటలలో ముందుండిరి. పలు పందెములలో వీరిద్దరే మొదటి రెండు స్థానములను పంచుకొనుచుండిరట.

1920లో ఎరిక్ ఎడింబరో విశ్వవిద్యాలయమున సైన్సు చదువుటకు చేరెను. మరుసటి యేడు వసంతకాలపు సెలవులలో స్నేహితులతో సైకిలు మీద బెన్ నెవిస్ పర్వతము వరకు పోయి వచ్చి, కాళ్లు కొయ్యబారిపోయిన స్థితిలో కళాశాల క్రీడలకు సాధన మొదలుపెట్టెను. అయినను 1921 మే నెలలో జరిగిన ఆ క్రీడలలో 100 గజముల పందెమును గెలిచెను. 220 గజములలో ఇంచుమించు సమముగా వచ్చి రెండవవాడాయెను.

అప్పుడు టామ్ మెకర్చర్ అను శిక్షకుడు ఆయనను చేరదీసెను. ఈయన దొరబాబు కాడు, జీతమునకు పనిచేసి పొట్టపోసికొను సామాన్యుడు. ఎరిక్ పరుగెత్తు తీరు చూచినవారికి నవ్వు వచ్చుచుండెను. తల వెనుకకు పడవేసి, నోరు తెరచి, చేతులు గాలిమరవలె త్రిప్పుచు పరుగెత్తువాడు. మెకర్చర్ ఆ తీరును మార్చవలెనని పట్టుపట్టలేదు. అది ఆ మనుష్యుని స్వభావమని విడిచి, మార్చదగిన వాటిని మార్చెను. పరుగునకు ముందు శరీరమును ఎట్లు వేడెక్కించవలెను, పందెము ముగిసిన తరువాత ఒక్కసారిగా నిలువక ఎట్లు మెల్లగా ఆగవలెను, కండరములను ఎట్లు మర్దనము చేసికొనవలెను, తుపాకి మ్రోగిన వెంటనే ఎట్లు లేవవలెను, ఈ చిన్న చిన్న సంగతులే. ఆ దినములలో పరుగెత్తువారు కాలు మోపుటకు ఇప్పటివలె ఇనుప దిమ్మలు లేవు. ఒక్కొక్కడు చిన్న తాపీ తెచ్చుకొని తన గుంట తానే త్రవ్వుకొనవలెను. ఆ గుంట ఒక అంగుళము అటు ఇటు అయినయెడల మొదటి అడుగే చెడిపోవును. ఒక సెకనులో పదియవ వంతు ఎచ్చట పోవుచున్నదో వెదకి పట్టుకొనుటయే శిక్షకుని పని. మన ఇండ్లలో బియ్యపు డబ్బా అడుగున రంధ్రము వెదకు గృహిణి చేయునదియు ఇంచుమించు అదే.

ఈ కాలములోనే ఆయన స్కాట్లండు పక్షమున రగ్బీ అను బంతియాటను ఏడుసార్లు ఆడెను. 1923లో పరుగునకై దానిని విడిచెను. ఆ యేడు ఏప్రిలులో ఆర్మడేల్ అను గని కార్మికుల ఊరిలో డి. పి. థామ్సన్ అను బోధకుడు కోరగా మొట్టమొదటిసారి బహిరంగముగా తన విశ్వాసమును గూర్చి మాటలాడెను. ఆయన వక్త కాడు. మెల్లగా, సిగ్గుపడుచు, ఇరుగుపొరుగువారితో మాటలాడినట్లు మాటలాడెను. అటు తరువాత శనివారము పరుగెత్తుట, ఆదివారము ఏదో యొక ఊరిలో మాటలాడుట ఆయనకు అలవాటాయెను.

1923 జూలైలో లండనులో 100 గజములను 9.7 సెకనులలో పరుగెత్తెను. బ్రిటనులో ఆ లెక్కను అనేక సంవత్సరముల వరకు ఎవరును తగ్గింపలేకపోయిరి. అదే నెలలో స్టోక్ అను ఊరిలో ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు దేశముల మధ్య పోటీ జరిగెను. 440 గజముల పందెములో కొన్ని అడుగులు వేయకమునుపే ప్రక్కవాడు తగిలి ఆయన గడ్డిలో పడిపోయెను. లేచునప్పటికి మిగిలినవారు ఇరువది గజములు ముందుండిరి. పడినవాడు పోటీనుండి తప్పిపోయెనని ఒక క్షణము తలంచెను. అధికారులు సైగ చేయగా లేచి పరుగెత్తి, చివరి గజములలో అందరిని దాటి గెలిచి, ఊపిరాడక కూలిపోయెను. ఆయన పరుగులన్నిటిలో నాకు మిక్కిలి ప్రియమైనది ఇది. ప్యారిస్ పరుగుకంటెను ప్రియమైనది.

ఇక ప్యారిస్ సంగతి. 1924 వేసవిలో ఒలింపిక్ క్రీడలు ఆ పట్టణమున జరుగవలసియుండెను. లిడిల్ గారు 100 మీటర్లలో గెలుచునని బ్రిటను దేశమంతయు ఎదురుచూచుచుండెను. పట్టిక వెలువడినప్పుడు 100 మీటర్ల ప్రాథమిక పందెములు జూలై 6, ఆదివారమున పడినవి. ఆయన పరుగెత్తనని చెప్పెను. నాలుగేసి మంది పరుగెత్తు రెండు పందెములను కూడ అదే కారణముచేత విడిచెను. 1981లో వచ్చి ఆస్కారు బహుమతులు పొందిన చలనచిత్రములో, ఓడ ఎక్కునప్పుడు ఈ సంగతి ఆయనకు తెలిసినట్లు చూపిరి. చూచుటకు రక్తి కట్టినది గాని వాస్తవము కాదు. ఆయనకు నెలల ముందే తెలిసెను. నా మట్టుకు ఇదే ఎక్కువ కష్టమని తోచుచున్నది. ఒక్క గడియలో వచ్చిన ఆవేశముతో కాదనుట వేరు. పత్రికలు దేశద్రోహియని వ్రాయుచుండగా, పెద్దలు వచ్చి బ్రతిమాలుచుండగా, చలికాలమంతయు ప్రతిదినము లేచి అదే మాట మీద నిలుచుట వేరు.

అయితే ఆయన కాదని చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. తనకు అలవాటు లేని 400 మీటర్లకు సాధన మొదలుపెట్టెను. 100 మీటర్లు పరుగెత్తువాడు 400 పరుగెత్తుట, బండి ఎద్దును నాగలికి కట్టినట్లే. బలము ఉన్నను లెక్క వేరు. ఏప్రిలులో అమెరికాలోని ఫిలడెల్ఫియాకు పోయి చిన్న దూరములలో పరుగెత్తి గెలువలేక తిరిగివచ్చెను. జూనులో లండనులో 440 గజములను 49.6 సెకనులలో గెలిచెను. మంచిదే గాని, ప్రపంచమును గెలుచువాని లెక్క కాదని అందరును అనుకొనిరి.

ఆ క్రీడలకు మన దేశమునుండియు కొందరు వెళ్లిరి. వారిని తీసికొనిపోయినవాడు, 1920లో మదరాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించిన హెచ్. సి. బక్ గారు. మన పాఠశాలలలో ఈల ఊది మనలను వరుసలో నిలువబెట్టిన వ్యాయామోపాధ్యాయులలో పలువురు ఆ కళాశాలలో చదివినవారే.

జూలై 6 ఆదివారమున ఇతరులు 100 మీటర్లు పరుగెత్తుచుండగా లిడిల్ గారు ప్యారిస్‌లోని స్కాట్లండు సంఘపు ఆరాధనలో నుండెను. ఆ 100 మీటర్ల పందెమును మరునాడు ఆయన తోటి బ్రిటనువాడే, హరాల్డ్ అబ్రహామ్స్, గెలిచెను. 9వ తేదీన 200 మీటర్లలో లిడిల్ గారికి మూడవ స్థానము వచ్చెను. 400 మీటర్ల పందెము 10, 11 తేదీలలో నాలుగు అంచెలుగా జరిగెను. ఆయన లెక్కలను ఇక్కడ వ్రాసెదను, యౌవనులు గమనింతురు గాక. మొదటి పరుగు 50.2 సెకనులు. రెండవది 49.3. మరునాడు మూడవది 48.2. అదే దినము సాయంకాలము చివరిది 47.6. రెండు దినములలో నాలుగుసార్లు పరుగెత్తి, ప్రతిసారి తన లెక్కను తానే తగ్గించుకొనెను. మొదటి పరుగులోనే సత్తువనంతటిని చూపలేదు. తరువాతి అంచెకు చేరుటకు చాలినంత పరుగెత్తి మిగిలినది దాచుకొనెను.

చివరి పందెము ఉదయమున, క్రీడాకారుల ఒళ్లు పట్టువాడొకడు ఆయన చేతికి ఒక చీటీ ఇచ్చెను. అందులో 1 సమూయేలు 2:30లోని భావము వ్రాసియుండెను. ఆయనకు పడినది అన్నిటికంటె వెలుపలి వరుస. అందులో పరుగెత్తువానికి తక్కినవారు కనబడరు. ఎవరు ఎంత దగ్గరనున్నారో తెలియదు. ఇది కీడని అందరును అనుకొనిరి. తుపాకి మ్రోగగానే ఆయన 100 మీటర్ల పందెమువలె పరుగెత్తెను. సగము దూరము 22.2 సెకనులలో ముగిసెను. ఇతడు చివరకు కూలిపోవునని తెలిసినవారందరు నిశ్చయించుకొనిరి. ఆయన కూలలేదు. తల వెనుకకు పడవేసి, అలవాటైన ఆ వికారపు తీరుననే, అయిదారు గజములు ముందుగా గీటు దాటెను. ఒలింపిక్ క్రీడలలో అంతవరకు ఎవరును 400 మీటర్లను అంత త్వరగా పరుగెత్తియుండలేదు.

ప్రసంగములలో మేము ఇక్కడ ఆపుదుము. కాని ఆయన ఇక్కడ ఆగలేదు. ఆ నెలలోనే పట్టా పుచ్చుకొనెను; విద్యార్థులు ఆయనను కుర్చీలో కూర్చుండబెట్టి ఎడింబరో వీధులలో మోసిరి. ఒక యేడు వేదాంతము చదివి, 1925లో, ఇరువది మూడేండ్ల వయస్సులో, కీర్తి పండిన సమయమున రైలెక్కి చైనాకు వెళ్లిపోయెను. టియెంట్సిన్‌లోని ఆంగ్లో చైనీసు కళాశాలలో బాలురకు సైన్సు బోధించెను. ఆ పట్టణమునకు మంచి క్రీడా మైదానము ఏర్పడుటలో సలహాదారుగా సహాయము చేసెను. ఆదివారపు బడి నడిపెను. 1932లో అభిషేకము పొందెను. 1934లో ఫ్లోరెన్స్ మెకెంజీ అను కెనడా మిషనరీ కుమార్తెను వివాహమాడెను. ముగ్గురు కుమార్తెలు కలిగిరి.

1937లో జపాను సైన్యము చైనా మీదికి వచ్చెను. ఆ యేటి చివర మిషనువారు ఆయనను పట్టణపు కళాశాల విడిచి సియావోచాంగ్ అను పల్లెటూరికి పొమ్మని కోరిరి. తండ్రి మునుపు పనిచేసిన చోటే అది. అన్న రాబర్టు గారు అక్కడి మిషను ఆసుపత్రిలో డాక్టరు. భార్యాపిల్లలు టియెంట్సిన్‌లోనే ఉండవలసి వచ్చెను. పల్లె కాపరి పని ఎట్టిదో మనకు తెలియును. సైకిలు మీదను, కాలినడకను ఊరూర తిరుగుట, అందులోను ఒక ప్రక్క జపాను సైన్యము, మరియొక ప్రక్క చైనా దండులు, నడుమ దొంగలు. ఒకసారి పాడుబడిన గుడిలో గాయపడి పడియున్న మనుష్యుని బండిలో తెచ్చుచుండగా, మెడ మీద కత్తివ్రేటు తగిలియు చావని మరియొకడున్నాడని త్రోవలో విని అతనిని కూడ ఎక్కించుకొనెను. ఆ రెండవవాడు బ్రదికెను. అతడు చిత్రకారుడు; కృతజ్ఞతగా పువ్వుల చిత్రమొకటి గీసి ఇచ్చెను.

1941లో యుద్ధము ముదురునని తెలిసి గర్భవతియైన భార్యను, ఇద్దరు కుమార్తెలను కెనడాకు పంపివేసి తాను నిలిచెను. మూడవ కుమార్తెను ఆయన కన్నులార చూడలేదు. 1943 మార్చిలో జపానువారు ఆయనను ఇతర విదేశీయులతో కూడ వెయిసిన్ అను చోట నిర్బంధ శిబిరమున వేసిరి. అది ఒకప్పటి అమెరికా మిషను ఆవరణము. చుట్టు గోడ, కావలి బురుజులు; లోపల పదునైదు వందలమందికి పైగా జనులు; తిండి చాలదు, నీళ్లు చేదవలెను, మరుగుదొడ్లు కడుగవలెను. తలిదండ్రులకు దూరమైన మిషనరీ పిల్లల బడి కూడ ఆ శిబిరమునకు వచ్చెను. ఆరేండ్ల వయస్సున తల్లికి దూరమైన ఈయనకు ఆ పిల్లలను చూడగా ఏమి తోచియుండునో! వారందరు ఆయనను ఎరిక్ మామ అని పిలిచిరి. పుస్తకములు లేకయే సైన్సు చెప్పెను. ముసలివారికి నీళ్లు మోసెను. విరిగిన హాకీ కఱ్ఱలకు గుడ్డపేలికలు చుట్టి అతికించెను. పరుగు పందెములు పెట్టి, తానును వారితో పరుగెత్తెను. చిన్నవారిని ముందు నిలిపి తాను వెనుకనుండి బయలుదేరెను.

ఇక్కడనే నేను ఇన్నాళ్లు విడిచిపెట్టిన సంగతి ఉన్నది. శిబిరములో ఆదివారము ఆటలు ఉండరాదని మొదట ఆయన చెప్పెను. పిల్లలు వినక తమంతట తామే హాకీ ఆడుకొనిరి. పెద్దవాడు లేనందున అది కొట్లాటయై ముగిసెను. ఆయన ఆలోచించెను. మరుసటి ఆదివారము తానే ఈల పట్టుకొని మైదానమునకు పోయి వారి ఆటకు మధ్యవర్తిగా నిలిచెను. ప్యారిస్‌లో రాజ్యమంతయు అడిగినను కదలని మనుష్యుడు, దిక్కులేని పిల్లలు కొట్టుకొనుచుండగా కదలెను. ఈ రెండును ఒకే మనస్సాక్షి చేసినవి. విశ్రాంతిదినము ఎవరికొరకు నియమింపబడెనో మార్కు 2:27లో చూచుకొనుడి. ఆదివారమును గూర్చి కటువుగా ప్రసంగించునప్పుడు నావంటివారు ప్యారిస్‌ను చెప్పి వెయిసిన్‌ను దాచుట న్యాయము కాదు.

శిబిరములో ఆయన పరుగు తగ్గసాగెను. ఒక పందెములో తనకంటె చిన్నవాని చేతిలో ఓడిపోయెను. వయస్సు, ఆకలి కారణమని అందరు తలంచిరి. తలనొప్పి మొదలాయెను. ఒక చలికాలపు దినమున, చెప్పులు చినిగిపోయిన ఒక బాలునికి తన పరుగు బూట్లను తెచ్చి ఇచ్చెను. అవి చినిగియుండగా తానే కుట్టి బాగుచేసెను. ఆ బాలుడు పెరిగి జపాను దేశమునకు, తమ్మును బంధించినవారి యొద్దకే, మిషనరీగా వెళ్లెను. బూట్లు ఇచ్చిన కొద్ది వారములకు, 1945 ఫిబ్రవరి 21న లిడిల్ గారు శిబిరపు ఆసుపత్రిలో మరణించెను. మెదడులో వ్రణముండెనని తరువాత తెలిసెను. వయస్సు నలువది మూడు. సమాధి మీద చెక్క సిలువ నాటి, బూట్లకు పూయు నల్ల రంగుతో పేరు వ్రాసిరి. ఆరు నెలలు తిరుగకమునుపే, ఆగస్టు 17న, శిబిరము విడుదలాయెను. కెనడాలోని భార్యకు మరణవార్త మే నెలలో గాని అందలేదు. 1991లో ఎడింబరో విశ్వవిద్యాలయమువారు స్కాట్లండునుండి రాయి తెప్పించి అక్కడ నిలిపిరి.

పతకము ఆదివారమునకు కూలి యైనయెడల ఈ మరణము దేనికి కూలి? ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలియదు. అయితే ఆ రాత్రి మలక్‌పేటలో ఒకటి నిశ్చయించుకొంటిని: ఆదివారము మందిరమునకు పొమ్ము, దేవుడు నీ 25 సెకనులు తగ్గించునని ఆ పిల్లవానితో చెప్పరాదని.

తెల్లవారిన తరువాత అతనితో సరూర్‌నగర్ మైదానమునకు పోయితిని. సెమినరీలో చదువుకొను దినములలో నేనును కొంచెము పరుగెత్తినవాడను. ఇప్పుడు పొట్ట అడ్డు వచ్చుచున్నది. అతడు నాలుగు చుట్లు పరుగెత్తగా, చేతి గడియారము చూచి ఒక్కొక్క చుట్టును వ్రాసితిని. మొదటిది 1 నిమిషము 30 సెకనులు. రెండవది 1 నిమిషము 50. మూడవది 2 నిమిషముల 5. నాలుగవది 2 నిమిషముల 15. కూడితే సరిగా 7 నిమిషముల 40. కాగితము అతనికి చూపితిని. గడువును నాలుగింటికి పంచగా చుట్టుకు 1 నిమిషము 49 సెకనులు కూడ రావు. ఇతడు మొదటి చుట్టులో గుంపుతో పోటీపడి 18 సెకనులు మిగిల్చుకొని, వాటికి వడ్డీ కట్టలేక తరువాతి మూడు చుట్లలో చితికిపోవుచున్నాడు. సాహుకారు అప్పువలెనే యిది. 400 మీటర్లలో లిడిల్ గారు మొదటి సగము ఎగిరి పరుగెత్తి నిలువగలిగెను. 1600 మీటర్లలో అది చెల్లదు. మొదటి చుట్టును 1 నిమిషము 50కి తగ్గించక, ఎవరు దాటిపోయినను పోనిమ్మని చెప్పితిని. ప్రతి ఉదయము గడియారముతో కుస్తీపట్టవద్దనియు, వారమునకు ఒక్కసారి మాత్రమే లెక్క చూచుకొని తక్కిన దినములలో మెల్లగా ఎక్కువ దూరము పరుగెత్తుమనియు చెప్పితిని.

ఆదివారమును గూర్చి నేను ఆజ్ఞ ఏమియు ఇయ్యలేదు. లిడిల్ గారి కథను ప్యారిస్ మొదలుకొని వెయిసిన్ వరకు చెప్పితిని. ఇంగ్లండులో 2004 అక్టోబరులో ఒక తోటలో పదముగ్గురు కూడి శనివారము ఉదయమున 5 కిలోమీటర్లు గడియారము పెట్టి పరుగెత్తనారంభించిరనియు, రుసుము లేని ఆ వారపు పరుగు ఇప్పుడు అనేక దేశములలో జరుగుచున్నదనియు కూడ చెప్పితిని. అతడు మౌనముగా విని, గదిలోని స్నేహితులను అడిగి చూచెదనని చెప్పి వెళ్లిపోయెను.

రెండు నెలల తరువాత ఫోను చేసెను. శిక్షణాలయములో పెద్దవారిని అడుగగా మొదట కోపపడి, తరువాత వ్రాత పరీక్షను మాత్రము శనివారము వేరుగా వ్రాయనిచ్చిరట. గదిలోని నలుగురు, ప్రక్క గదివారు ముగ్గురు కలిసి శనివారము తెల్లవారుజామున తమంతట తామే గడియారము పెట్టుకొని పరుగెత్తుచున్నారు. వారిలో మనవాడొక్కడే క్రైస్తవుడు. ఆదివారము మలక్‌పేటలో ఆరాధనకు పోవుచున్నాడు. క్రిందటి శనివారము లెక్క 7 నిమిషముల 21 సెకనులు. ఇంకను 6 సెకనులు తగ్గవలెను. పరీక్ష తేదీ ఇంకను ప్రకటింపబడలేదు.